కొబ్బరినూనె పూసిన డిక్కీ

కువైట్‌లో కారు డిక్కీలో ఫైబర్ గ్లాస్‌తో సబ్ వూఫర్ పెట్టె కట్టిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే. అబూ హలీఫాలో మా గదికి శుక్రవారం భోజనానికి వచ్చినవాళ్ళెవరూ ఈ మాట వినకుండా చెయ్యి కడుక్కోలేదు. మొదట్లో ఒక పెట్టె అనేవాణ్ణి. తర్వాత్తర్వాత అవి నాలుగయ్యాయి. ఒకసారి పెరుగన్నం దాకా వచ్చేసరికి ఎవరో షేకుగారి కారు కూడా అందులో చేరిపోయింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి సరిచేస్తాను. పెట్టె ఒక్కటే. షేకుగారు లేరు. నాకంటే ముందు ఎవరైనా కట్టారో లేదో నాకు తెలీదు. కాకపోతే, కట్టిన పెట్టెని కారుకే అతికించేసి, ఊడదీయలేక దాని ముందు గొంతుక్కూర్చున్నవాళ్ళలో మాత్రం నాదే మొదటి స్థానం అయ్యుంటుంది.

పోయిన నెల బద్ర్ ఫోను చేశాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో డ్రైవరుగా చేరిన ఇంటి పెద్దకొడుకు. అప్పుడు కాలేజీకి వెళుతూ, మీసం ఎంతవరకు వచ్చిందో కారు అద్దంలో చూసుకుంటూ ఉండేవాడు. ఇప్పుడు గడ్డం సగం నెరిసింది. ఫింటాస్‌లో వాళ్ళ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. మెట్ల కింద కొట్టు ఖాళీ చేస్తుంటే ఏదో బయటపడిందట. "సత్తీ, నీ ఓడ దొరికింది. యల్లా, వచ్చి తీసుకుపో" అన్నాడు. నా పేరు సత్తిబాబు. ఆ ఇంట్లో మొదటి రోజే దాన్ని సగానికి కోసి పెట్టుకున్నారు, ఇవాళ్టికీ నేనక్కడ సగం మనిషినే.

వెళ్ళాను. సామానంతా తీసేసిన ఇల్లు బోసిగా ఉంది కానీ వాసన మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. వంటింటి గోడకి ముక్కు ఆనిస్తే నల్లటి ఎండు నిమ్మకాయల వాసన, హాల్లో పరదాలు వేలాడిన చోట బఖూర్ ధూపం వాసన. వరండాలో పాత దుప్పటి మీద పెట్టి ఉంది నా పెట్టె. గుమ్మడికాయని అడ్డదిడ్డంగా కోసి పడుకోబెట్టినట్టు ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు చదును, ముందు గుండ్రటి కన్నం. స్పీకరు ఎప్పుడో తీసేశారు. బద్ర్ మొబైల్ లైటు వేసి ఆ కన్నంలోకి చూపించాడు. లోపల గోడ మీద గట్టిపడిపోయిన బూడిదరంగు ముద్ద, ఆ ముద్ద మీద ఒక అరచెయ్యి అచ్చు. నాలుగు వేళ్ళు, బొటనవేలు, మధ్యలో ప్లాస్టిక్ సంచీ ముడతలు.

"ఇది నీ చెయ్యేనా?" అన్నాడు.

"నాదే" అన్నాను, తడుముకోకుండా. ముప్పై ఏళ్ళ అలవాటు.

అది నా చెయ్యి కాదు. ఎవరిదో చెప్పాలంటే ఆ ఇంటి వెనక వంటగదిలోకి వెళ్ళాలి.

ఆ ఇంటికి రెండు వంటగదులు. ముందుది చూపుకి, వెనకది పనికి. వెనక వంటగది ఓబులమ్మక్కది. రాయచోటి దగ్గర పల్లె. నేను చేరేసరికి ఆవిడ ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఉంది, వయసు నలభై దాటింది. కుడిచేతి చిటికెనవేలు చిన్నప్పుడు రోట్లో పడి నలిగిందట, కొడవలిలా లోపలికి వంగి ఉండేది. తెల్లవారకముందే లేచి బాబాకి, అంటే ఇంటి పెద్దాయనకి, ఫ్లాస్కులో టీ పోసి పెట్టేది. ఆయన తన చిన్న ఫైబర్ పడవలో చేపలకి వెళ్ళేవాడు. ఆయన తెచ్చిన చేపల్ని కడిగి, మధ్యాహ్నానికి ఎర్రటి అన్నంలోకి వండి, ఇంటిల్లిపాదీ తిని కునుకు తీసే వేళకి మా ఇద్దరికీ గుప్పెడంత రాగిసంగటి కెలికేది. నేను కోనసీమవాణ్ణి, సంగటి ముద్ద మొదటిసారి గొంతులో ఇరుక్కుంటే నీళ్ళ కోసం పరిగెత్తాను. "నమిలితే యట్లా దిగుతాదిరా? మింగల్ల!" అని ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో ఆరేళ్ళ తర్వాత తెలుగులో నవ్విన మొదటి నవ్వు అది అని తర్వాత చెప్పింది. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఇంటావిడ, అందరూ మామా అనే ఆవిడ, ధూపం గిన్నె పట్టుకుని గదిగదికీ తిరిగేది. అప్పటికి ఓబులమ్మక్క తల దువ్వుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె రాసుకుని జడ అల్లుకునేది. ఒకే తలుపు దగ్గర ఆ ధూపం, ఈ నూనె ఎదురుపడేవి. నాకు ఇవాళ్టికీ సాయంత్రం అంటే ఆ రెండు వాసనల కలయికే.

నన్ను ఆ ఇంట్లో పెట్టించింది ఓబులమ్మక్కే. నాకు ముందున్న డ్రైవర్ని మామా వెనక్కి పంపేసింది. కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి కొన్ని నెలల్లో నచ్చకపోతే మక్తబ్‌కి, అంటే మనల్ని తెప్పించిన ఆఫీసుకి, తిప్పి ఇచ్చెయ్యొచ్చు. చొక్కా సరిపోలేదని కొట్టుకి తిరిగిచ్చినట్టే. మక్తబ్‌లో నన్ను చూసి, తెలుగువాణ్ణని తెలిసి, మామాతో వచ్చిన ఓబులమ్మక్క "ఈ అబ్బి మా తమ్ముడే మామా, నాదీ పూచీ" అని చెప్పిందట. రాయచోటికీ రాజోలుకీ ఎంత దూరమో మామాకి తెలీదు, నాకూ అప్పటికి సరిగ్గా తెలీదు. అలా తమ్ముణ్ణయ్యాను. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇంకా పడలేదు. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. ఒక్క తప్పు చేస్తే నా బట్టల పెట్టె మక్తబ్ బెంచీ కిందకి పోతుంది. ఊళ్ళో అందరికీ నేను పెద్ద కంపెనీలో సూపర్‌వైజర్ని అని చెప్పి వచ్చినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని బస్సు దిగను? అదీ నా భయం. అలాంటి వేళలో బుద్ధున్నవాడు తల వంచుకుని కారు కడుక్కుంటాడు. నేను మాట్లాడాను.

బద్ర్‌కి తండ్రి కొత్త కారు కొనిచ్చాడు. తెల్లటిది, పొడుగ్గా ఉండేది. దాంట్లో పెద్ద మోత రావాలి వాడికి. డ్రమ్ము దెబ్బ వేస్తే వీపుకి తగలాలి. అంత లోతు శబ్దానికి వూఫర్ అనే పెద్ద స్పీకరు కావాలి, ఆ వూఫర్‌కి చుట్టూ గాలి దూరని గట్టి పెట్టె కావాలి. చెక్కపెట్టె పెడితే డిక్కీ మొత్తం నిండిపోతుంది, డిక్కీ నిండితే మామా ఊరుకోదు, ఎడారి గుడారానికి వెళ్ళేటప్పుడు గిన్నెలన్నీ ఆ కార్లోనే వెళ్ళాలి. అందుకని చక్రం పక్కన గోడలో ఉండే గుంతలో సరిగ్గా ఇమిడేలా, ఆ గుంత ఆకారంలోనే పెట్టె పోతపోయాలి. స్నేహితుడి పెళ్ళి మూడు వారాల్లో ఉంది, పెళ్ళి ఊరేగింపులో కారు మోగాలి. బాబా పడవ మరమ్మతు కోసం కొన్న రెజిన్ డబ్బా, ఫైబర్ గ్లాస్ అనే గాజునార చాపలు కొట్లో ఉన్నాయి. "ఫైబర్ పని చేసేవాళ్ళెవరైనా తెలుసా సత్తీ?" అని మామూలుగా అడిగాడు.

"తెలియడమేంటి, మా ఊళ్ళో సముద్రం మీదకి వెళ్ళే పడవలన్నీ నా చేతిమీద తయారైనవే" అన్నాను, వచ్చీరాని హిందీలో. నిజం చెబుతాను. మా అంతర్వేది దారిలో పడవల షెడ్డు ఒకటి ఉండేది. నేను సైకిలు ఆపుకుని ఆ వాసన పీల్చేవాణ్ణి, నాకెందుకో ఆ ఘాటు ఇష్టం. ఒకసారి లోపలికి వెళ్ళాను కూడా, మంచినీళ్ళు అడగడానికి. అంతే నా అనుభవం.

మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయే వేళే నా పని వేళ. కారు షెడ్డు తలుపు సగం దించి, డిక్కీ ఎత్తి కూర్చున్నాను. రెజిన్ అనేది తేనెలా కారే ద్రవం. దాంట్లో హార్డెనర్ అనే మందు చుక్కలు కలిపితే కొంతసేపటికి రాయిలా గట్టిపడుతుంది. ఎన్ని చుక్కలన్నది డబ్బా మీద ఉంది. కానీ మా ఇంట్లో ఆవకాయలో కారం ఎవరైనా కొలిచి కలిపారా? మా అమ్మ చేతి అందాజు నాకూ వచ్చి ఉంటుందనుకున్నాను. బకెట్లో సగం రెజిన్ పోసి, మందు ధారగా వంపాను. బయట ఎండ ఎలా ఉందంటే చెప్పు లేకుండా అడుగు వెయ్యలేం. నేను బ్రష్ వెతుక్కుని వచ్చేలోపల బకెట్ బుసకొట్టింది. పొగ మేడ మీదకి ఎగసింది. సరే, మేడ మీదకి కాదు, షెడ్డు కిటికీ దాకా. అయినా చాలు, నేను బకెట్‌ని కాలితో తన్ని ఎండలోకి తోశాను. అది అక్కడే పగుళ్ళిచ్చి, పచ్చటి బెల్లపు అచ్చులా కూర్చుంది.

ఓబులమ్మక్క చెంగుతో ముక్కు మూసుకుని వచ్చింది. నేను అప్పటికే గాజునార పీచు ఒళ్ళంతా గుచ్చుకుని, మెడ, మోచేతులు, చెప్పుకోలేని చోట్లు గోక్కుంటున్నాను.

"ఏందిరా ఇది, కోతి మాదిరి గోక్కుంటాండావు? పడవలు చేసినోడివంట గదా!"

"చేశానక్కా. అక్కడ వాతావరణం వేరు."

"ఆ! దురద గూడా వేరేమో! ఇంతకీ ఏం చేస్తాండావో చెప్పు."

చెప్పాను. డిక్కీ గుంత మీద గాజునార పరిచి, రెజిన్ తడిపి, పొర మీద పొర వేసి, గట్టిపడ్డాక తియ్యాలి, గుంత ఆకారం వస్తుంది అని. ఆవిడకి వెంటనే అర్థమైంది, నాకంటే బాగా. వాళ్ళ ఊళ్ళో పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జుని బోర్లించిన కుండ మీద మెత్తి గంపలు చేస్తారు. ఎండాక కుండ మీంచి తీస్తే గంప. వెదురు చాటలకి సందులు పడితే అదే గుజ్జు అలుకుతారు. వాళ్ళమ్మ చేతి గంపలంటే చుట్టుపక్కల పేరు. ఆ వేసవిలో ఓబులమ్మక్క మాటల్లో వాళ్ళమ్మ రాని పూట లేదు. ఆవిడకి చూపు తగ్గుతోందని ఉత్తరం వచ్చింది. వేసవి దాటాక సెలవిస్తానని మామా మాటిచ్చింది. అప్పటికే అక్క మంచం కింద సంచీ సర్ది ఉంది. "కండ్లుండంగానే నన్ను చూడల్ల మా యమ్మ" అనేది, సంగటి కెలుకుతూ, ఎవరితోనో అన్నట్టు.

"కుండకీ గుజ్జుకీ మధ్యన తడిగుడ్డ పరస్తాం రా. లేకుంటే రెండూ ఒగటైపోతాయి, కుండ పగలగొట్టాల్సిందే. దీనికీ ఏదన్నా గుడ్డో కాగితమో అడ్డం ఎయ్యి" అంది.

బద్ర్ కూడా అదే చెప్పి వెళ్ళాడు, ముందు టేపు అంటించి మీద వెండికాగితం పరచమని. కానీ ఇద్దరూ ఒకే మాట చెప్పేసరికి నా పడవల గొప్ప అడ్డొచ్చింది. పడవలు కట్టినవాడికి గంపలు మెత్తేవాళ్ళు చెప్పడమా? పైగా నేను కోనసీమవాణ్ణి. మాకు తలకి, ఒంటికి, కూరకి, తలుపు కీలుకి, సైకిలు చైనుకి, దెబ్బకి, దిష్టికి అన్నిటికీ కొబ్బరినూనే. పళ్ళానికి నూనె రాసి హల్వా పోస్తే ముక్క ఎలా లేస్తుంది? అలాగే లేస్తుందనుకున్నాను. ఆవిడ గూట్లోంచి నూనె సీసా అడక్కుండానే తీసుకున్నాను, సగం సీసా డిక్కీ గుంతకి దట్టంగా పూశాను. నిగనిగలాడింది. ఈసారి హార్డెనర్ లెక్కగా కలిపాను, నాలుగు పొరలు వేశాను. ఎంత నీటుగా వచ్చిందంటే నా పడవల కథ నేనే నమ్మేశాను.

నేను మరిచింది ఒక్కటే. హల్వా పళ్ళెం ఇత్తడిది. డిక్కీ గుంతకి తివాచీ ఉంది. నా నూనెని తివాచీ తాగేసింది, ఆ వెనకే రెజిన్ని కూడా తాగింది. మర్నాడు మధ్యాహ్నం లాగితే పెట్టె రాలేదు. స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తితే కారు ఊగింది, పెట్టె ఊగలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. సాయంత్రం మామా ఈ కారులోనే చెల్లెలి ఇంటికి వెళ్ళాలి. నాకు మక్తబ్ బెంచీ కళ్ళముందు కనిపించింది, దాని కింద నా బట్టల పెట్టె కూడా. వెనక వంటగదికి పరిగెత్తాను.

అక్క చేతులు తుడుచుకుని వచ్చి, పెట్టె మీద వేలి కణుపుతో అక్కడక్కడా తట్టింది. "ఈడ డొల్ల. ఈడా డొల్లే. ఇదో, ఈడ పట్టుకోనుండాది." తర్వాత వేడినీళ్ళలో సబ్బు కలిపి సందులోకి పోసింది. సంగటి కెలికే తెడ్డు ఒక పక్కనుంచి, పల్చటి అట్లకాడ ఇంకో పక్కనుంచి దూర్చింది. "ఊ అంటే నొక్కల్ల, ఆ అంటే వదలల్ల. నీ బలం చూపొద్దు, అది కుండ లాంటిది." అరగంట ఊ, ఆ. ఆఖరికి బ్లేడుతో తివాచీని కోసేసింది. చెట్టు కొమ్మ విరిగిన చప్పుడుతో పెట్టె ఊడి వచ్చింది, వీపున కార్పెట్ ముక్క అంటించుకుని, రెండు చోట్ల నెర్రెలిచ్చి. డిక్కీ గోడ రేకు తేలి ఉంది, చుట్టూ చిరిగిన పీచు, అంతా నూనె జిడ్డు.

పెట్టెని మూలకి తోసి మేం జిడ్డు తుడుస్తుండగానే వచ్చింది మామా, చేతిలో ధూపం గిన్నెతో. రెజిన్ ఘాటు ఇంట్లోకి వచ్చినట్టుంది. అరవలేదు. ఆవిడ ఎప్పుడూ అరిచేది కాదు, అదే భయం. గిన్నె కింద పెట్టి, వంగి, చిరిగిన చోట వేలితో రాసి, వాసన చూసింది. ఆ వాసన ఆవిడకి రోజూ సాయంత్రం తలుపు దగ్గర ఎదురయ్యేదే.

"ఓబుల, ఇది నీ నూనేనా?"

అక్క నావైపు చూసింది. ఎంతసేపు? నేను చెప్పుకునేటప్పుడు అది క్షణం. నిజానికి నాలుగు వాక్యాలు చెప్పేంత సమయం ఉంది. నేను నా చెప్పుల వైపు చూశాను. ఎడమ చెప్పు పట్టీ తెగేలా ఉంది, అది నాకు ఇవాళ్టికీ గుర్తు.

"నాదే మామా" అంది.

అబద్ధం కాదు. నూనె ఆవిడదే. సామాను తెచ్చేటప్పుడు సీసా ఒలికిందని మామా అనుకుంది, శుభ్రం చెయ్యబోయి తివాచీ పాడుచేశామని అనుకుంది, నేను అనుకోనిచ్చాను. కొడుకు కొత్త కారు. ఆవిడ పెదవులు బిగించి, "ఈ ఏడు సెలవు లేదు. వచ్చే ఏడు చూద్దాం. ఖలాస్" అని ధూపం గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పొగ మా ఇద్దరి మధ్య కాసేపు నిలబడింది.

వంటగదిలో అక్క సంగటి గిన్నె కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "నోరు పడిపోయిందేమిరా?"

"అక్కా, చెబితే నన్ను వెనక్కి ఇచ్చేస్తారక్కా."

"ఇస్తారు. తెలుసు. అందుకే గదా నేనూ గమ్మునుండింది."

తర్వాత మంచం కిందున్న సంచీ విప్పి, మడతపెట్టిన చీరలు ఒక్కొక్కటే మళ్ళీ కొయ్యకి వేసింది. నేను ఆ రాత్రి అన్నం మానేశానని నాకు నేను చెప్పుకుంటుంటాను. మానలేదు. తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను, ఆవిడే పెట్టింది.

మర్నాడు నేను ఆ పెట్టెని చెత్తలో పడెయ్యడానికి మోసుకెళుతుంటే దారికి అడ్డం నిలబడింది.

"యాడికి?"

"పగిలిపోయింది కదక్కా. బద్ర్‌కి చేతకాలేదని చెప్పేస్తాను."

"చెప్తావా? నా సెలవు మింగింది రా అది. ఇప్పుడు అది మోగకుంటే ఊరుకుంటానా? తే ఇట్ల!"

వెనక వంటగది అరుగు మీద పెట్టించింది. రెజిన్‌లో చెక్కపొట్టు కలిపి గుజ్జు చెయ్యమంది, సంగటి కంటే పల్చన, దోసెపిండి కంటే చిక్కన. రొట్టెలొచ్చే ప్లాస్టిక్ సంచీ చేతికి తొడుక్కుని, నెర్రె పొడుగునా లోపలి వైపు మెత్తింది. చాట అలికినట్టే, మడమతో నొక్కి, వేళ్ళతో లాగి, గాలిబుడగ కనిపిస్తే చిటికెనవేలి వంపుతో గోకి. అటు తిరిగి ఉన్న ఆవిడ వీపు నాకు గుర్తుంది, మెత్తుతూ మెత్తుతూ ఒకచోట ఆగి, అరచెయ్యి అలాగే ఆనించి ఉంచేసింది. ఏమాలోచించిందో నేను అడగలేదు. అది గట్టిపడుతోందని నేను అన్నాకే చెయ్యి తీసింది. ముందువైపు వూఫర్ కూర్చునే చెక్క చుట్టు బిగించి, మీద నా పాత బనియన్ సాగదీసి కట్టి, దానికి రెజిన్ పట్టించి, మీద ఇంకో రెండు పొరలు వేశాం. నేను చేసిన పనేమిటంటే, ఇసుకకాగితం పెట్టి రుద్దడం, గోక్కోవడం.

పెళ్ళి రోజు సాయంత్రం బద్ర్ వాకిట్లో కారు పెట్టి పాట వేశాడు. మోత నేల మీంచి వచ్చి మోకాళ్ళలో దూరింది. వంటింట్లో మూతలు గలగలలాడాయి, పక్కింటి పావురాలు లేచిపోయాయి. చీమ దూరేంత సందున్నా ఆ లోతు రాదు, బుస్సుమంటుంది. ఎక్కడా బుస్సు లేదు. బద్ర్ నన్ను పైకెత్తి గిరగిరా తిప్పి, స్నేహితులందరికీ "మా సత్తీ! ఓడలు కట్టేవాడు!" అని చూపించాడు. నేను ఛాతీ విరుచుకున్నాను. వెనక వంటగది గుమ్మంలో ఓబులమ్మక్క గోడకి చెయ్యి ఆనించి ఆ అదురు చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళి ఎలా ఉందక్కా అన్నాను. "మా ఊరి జాతరలో తప్పెటంత లేదు గానీ, పర్వాలే" అంది. ఆ వారంలోనే నా ఇఖామా పడింది. ఆ ఇంట్లో పద్నాలుగేళ్ళు పనిచేశాను.

ఆవిడ మరుసటి ఏడు వెళ్ళింది. అప్పటికి వాళ్ళమ్మకి చూపు పూర్తిగా పోయింది. తిరిగొచ్చాక నాకు సంగటి పెడుతూ తనే చెప్పింది, నవ్వుతూనే. "నేను పలకరించకుండా పోయి పక్కన కూసున్న్యా. చెయ్యి తడిమింది. ఏళ్ళన్నీ ఒగొగటే పట్టుకోని, ఆ చివరేలు దగ్గిరికొచ్చి, ఓబులా అనె."

ఇప్పుడు ఫింటాస్‌లో ఏ కొట్టు ముందు నిలబడ్డా రెండు నిమిషాల్లో తెలుగు వినపడుతుంది, కడపదో, కాకినాడదో, కరీంనగర్‌దో. అప్పుడు ఆ ఒక్క మాట వినడానికి మేం వెనక వంటగదిలో సంగటి ముద్ద చుట్టూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు వూఫర్ పెట్టె కావాలంటే మొబైల్లో వేలితో నొక్కితే కారు నమూనాకి సరిపోయేది ఇంటికొస్తుంది. సొంతంగా కట్టుకునేవాళ్ళు కూడా వీడియో చూసి, టేపు అంటించి, మాస్కు పెట్టుకుని, హార్డెనర్ని సిరంజితో కొలిచి కలుపుతారు. మంచిదే. వాళ్ళ పెట్టెలు ఊడొస్తాయి. పడవలు కట్టానని అబద్ధం చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు, తెలీదని చెప్పి నేర్చుకుంటున్నారు. నా కాలంలో తెలీదు అనే మాట నేను అననందుకు పడిన ధర ఒక మనిషి ఏడాది. నా ఏడాది కూడా కాదు, వేరే మనిషిది.

ఇదంతా ఆ వరండాలో నిలబడి ఆలోచించాను. తర్వాత వూఫర్ కన్నంలోంచి చెయ్యి లోపల పెట్టాను. చూడకుండానే, తడుముతూ. నా అరచెయ్యి ఆ అచ్చులో పట్టలేదు, వెడల్పు. వేళ్ళు దాటిపోయాయి. చిటికెనవేలు పెట్టబోతే అక్కడ గాడి లోపలికి వంగి ఉంది, కొడవలిలా.

"బద్ర్, ఇది నాది కాదు" అన్నాను. మొత్తం చెప్పాను. పడవల షెడ్డులో మంచినీళ్ళ దగ్గర మొదలుపెట్టి, నా చెప్పు పట్టీ దాకా. వాడు మెట్టు మీద కూర్చుని విన్నాడు. ఆఖర్న, "మా అమ్మ పోయేవరకూ ఓబుల నూనె సంగతి చెప్పి నవ్వేది. ఆమెకి ఇది చెప్పి ఉండాల్సింది సత్తీ" అన్నాడు.  ఏ ప్రశ్నకైనా రెండు జవాబులుండే మనిషిని, పెట్టెని ఆ దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాను.

ఆ సాయంత్రం గదికి వచ్చి ఓబులమ్మక్కకి వీడియో కాల్ చేశాను. ఊళ్ళో ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది, డెబ్బై దాటింది, జడ ముడి అయ్యింది. పెట్టెని, టార్చి వేసి లోపలి అచ్చుని చూపించాను.

"ఆ గంప ఇంగా ఉండాదా!" అని ఫోనుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "నా చెయ్యి! చూడు, చూడు, ఏలు!"

"అక్కా, ఆ రోజు మామా అడిగినప్పుడు నేను చెప్పాల్సింది. బద్ర్‌కి ఇవాళ చెప్పేశాను."

  ఆవిడ ఫోనుని మళ్ళీ దూరంగా పట్టుకుని నా మొహం చూసింది.

"నేను మర్చిపోలేదురా" అంది. "నువ్వు చెప్పేదానికి ముప్పై ఏండ్లు పట్టె. నేను మర్చిపోయేదానికి ఇంగో ముప్పై పట్టనీ."

"అలాగేనక్కా."

"సరే, దాన్ని ఊరికే పెట్టొద్దు. బాగా కడిగి, ఎర్రగడ్డలు పోసుకో. గాలాడతాది, చెడిపోవు."

కడిగాను. పోశాను. అబూ హలీఫాలో మా వంటగది మూల ఉంది. శుక్రవారం వచ్చినవాళ్ళెవరైనా అదేంటని అడిగితే మొదట, కువైట్‌లో మొట్టమొదటి, అని నోటిదాకా వస్తుంది. ఉల్లిపాయ కోసం చెయ్యి లోపల పెడితే ఆ గాడి వేళ్ళకి తగులుతుంది. అక్కడ ఆగి, ఓబులమ్మక్క దగ్గర మొదలుపెడతాను.